ట్రయల్ వేయని గుర్రం

మధ్యలో నవ్వనంటేనే చెబుతాను. ఆపుకోలేని వాళ్లు ఇప్పుడే ఓసారి నవ్వేసి కూర్చోండి.

నేను దర్జీనని మీకు తెలుసు. ముందు షాపు, వెనక ఇల్లు, ఇంటి వెనక ఓ రేకుల షెడ్డు. నా గొప్పంతా నా చూపులో ఉంది. దారిన పోయే మనిషిని మిషను దగ్గర్నుంచే చూసి మెడ చుట్టుకొలత, భుజాల వెడల్పు, ప్యాంటు పొడుగు చెప్పేస్తాను. టేపు మెడలో వేసుకునేది అలంకారానికే. ఈ మాట నేను రోజుకోసారైనా అంటాను, మా ఆవిడ రోజుకోసారైనా వింటుంది.

మా పిల్లకి తొమ్మిదేళ్లు. నాలుగేళ్లప్పటి నుంచి దానికి గుర్రాల పిచ్చి. నేను బట్ట కత్తిరించే బల్ల మీద కాళ్లు చెరోవైపు వేసుకుని, నా టేపే కళ్లెంగా పట్టుకుని, రోజూ సాయంత్రం ఎక్కడెక్కడికో వెళ్లొచ్చేది. ఆ బల్ల తిరగని ఊరు లేదు. నేను మాత్రం "దిగవే తల్లీ, పని పాడవుతోంది" అని బతిమాలుతూ షాపులోనే ఉండేవాణ్ణి.

సరే, నిజం గుర్రమే కొనేస్తే పోలా అనుకున్నాను.

గుర్రం కొనేవాడు పళ్లు చూస్తాడు, కాళ్లు చూస్తాడు, నడక చూస్తాడు. నేను రంగు చూశాను. పాలలో కాస్త కాఫీ కలిపితే వచ్చే రంగు. ఆ రంగు బట్ట దొరికితే ఏ దర్జీ వదులుతాడు చెప్పండి? పైగా నేను మర్యాదస్తుణ్ణి కదా, అమ్మే ఆసామికి ముందురోజే ఫోను చేసి, "రేపు పదింటికి వస్తున్నానండీ, మీకు వీలేనా?" అని అడిగి మరీ వెళ్లాను.

వెళ్లేసరికి గుర్రం తల దించుకుని, కళ్లు అరమూసుకుని, ఒళ్లంతా తడిగా నిలబడి ఉంది.

"ఇప్పుడే స్నానం చేయించామండీ" అన్నాడు ఆసామి.

ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను. తెల్లవారినప్పటి నుంచీ దాన్ని మైదానం చుట్టూ పరిగెత్తించి ఓపికంతా పిండేశాడనీ, ఆ తడి చెమటనీ నాకు తట్టలేదు. టేపు పెట్టి ఛాతీ కొలిస్తే ఇంత కూడా కదల్లేదు. కొలతలిచ్చేటప్పుడు అంత కుదురుగా నిలబడిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. అక్కడికక్కడే దానికి శాంతమూర్తి అని పేరు పెట్టేశాను.

ఇంటికొచ్చిన శాంతమూర్తి రెండు రోజులు పడుకుంది. మూడో రోజు పొద్దున నిజంగా నిద్ర లేచింది.

షెడ్డు తలుపు పోయింది. బట్టలారేసే తాడు, దాని మీదున్న పక్కింటివాళ్ల దుప్పట్లతో సహా పోయింది. పూలకుండీలు ఏమయ్యాయో ఇప్పటికీ తెలియదు. ఇదంతా నవ్వులాటే. కానీ అప్పుడు మా పిల్ల దాని మీద ఉంది.

గేటు దగ్గర పడేసింది. ఎడమ మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. పుట్టి బుద్ధెరిగి కుట్లు తప్ప ఇంకోటి వేయనివాణ్ణి, ఆ ఆరు కుట్లూ చూడలేక ఆసుపత్రి వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

శాంతమూర్తిని పరుగు గుర్రాలు పెంచే ఒకాయనకి ఇచ్చేశాం. ఆయన మాత్రం దాన్ని చూసి తెగ మురిసిపోయాడు.

మోకాలు నెల్లాళ్లకి మానింది. పిల్ల మాత్రం మారిపోయింది. గోడ మీది గుర్రాల బొమ్మలన్నీ తీసేసి పరుపు కింద పెట్టేసింది. బల్ల ఎక్కడం మానేసింది. ఒకరోజు నేనే టేపు దాని చేతికిచ్చి, "ఎక్కమ్మా" అన్నాను.

"వద్దులే నాన్నా, నీ పని పాడవుతుంది" అంది.

ఐదేళ్లుగా ఆ మాట దాని నోట ఎప్పుడొస్తుందా అని చూసినవాణ్ణి. తీరా వచ్చాక, టేపు మళ్లీ నా మెడలోనే వేసుకున్నాను.

ఆ సాయంత్రమే మా ఆవిడ నన్ను కూర్చోబెట్టింది.

"ఏవండీ, ట్రయల్ వేయకుండా మీరు ఎవరికైనా చొక్కా ఇస్తారా?"

"ఛ, ఇవ్వను. నాకో పద్ధతుంది."

"కోటు?"

"రెండు ట్రయల్స్."

"మరి గుర్రాన్నెలా తెచ్చారు?"

జవాబు లేనప్పుడు నేను సూదిలో దారం ఎక్కిస్తుంటాను. ఆ పూట ఎనిమిది సూదులకి ఎక్కించాను.

"ఇక గుర్రం అన్న మాట మీ నోట వినపడకూడదు" అని తీర్పు చెప్పేసింది.

నోట వినపడకూడదంది గానీ, మనసులో అనుకోవద్దనలేదు కదా. ఎవరికీ చెప్పకుండా సరైన గుర్రాన్ని వెతికి తెచ్చి, పిల్ల ముందు నిలబెట్టి, పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలని పథకం వేశాను. ఈ పనికి తోడుగా గిట్టల ప్రొఫెసర్ని పట్టాను. ఆయన నా పాత నేస్తం, గ్రంథాలయంలో పని. జన్మలో గుర్రం ఎక్కలేదు గానీ, గుర్రాల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాడు. గుర్రం గిట్ట చూసి దాని మనస్తత్వం చెప్పగలనంటాడు.

గుర్రాలన్నీ ఊరి చివర ఉంటాయి. షాపు వదిలి వెళ్లాలంటే ఓ సాకు కావాలి. గుండీలు కొనడానికని చెప్పడం మొదలుపెట్టాను.

"మొన్న గుండీలు, నిన్న గుండీలు, ఇవాళా గుండీలేనా?" అంది మా ఆవిడ. "ఊరంతా చొక్కాలు విప్పుకుని తిరుగుతోందేంటి?"

"సరైన సైజు దొరకడం లేదు."

"గుండీల షాపులో గడ్డి కూడా అమ్ముతున్నారా? మీ కాలరు నిండా ఉంది."

"దారిలో గాలి" అన్నాను. తను ఆ గడ్డి దులిపి లోపలికి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా వదిలేసిందంటే భయపడాలని ఇరవై ఏళ్ల సంసారంలో నేర్చుకుని ఉండాల్సింది.

అయినా అప్పుడు నాకు వేరే చికాకులున్నాయి. వాటిలో మొదటిది లాండ్రీ పిన్ని గుర్రం. పిన్ని మా వీధి చివర లాండ్రీ నడుపుతుంది, ఉతికిన బట్టలు బండి మీద ఇంటింటికీ చేరుస్తుంది. ఆ బండి లాగేది ముసలి ఆడగుర్రం. పొట్ట వేలాడుతూ, వీపు మధ్యలో గుంటపడి, రంగు చూస్తే పాత కంబళిలా ఉంటుంది. నేను దానికి మూటల బామ్మ అని పేరు పెట్టాను. ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు రోజూ సరిగ్గా నా షాపు ముందే గంటసేపు ఆగేది. నేను బయటికొస్తే చెవి మీదున్న సుద్దముక్క లాక్కునేది. నేను అరిచేవాణ్ణి. అది నమిలేది.

రెండోది, మా ఆవిడ తెచ్చే పిచ్చి ఆర్డర్లు.

"పిన్ని వాళ్ల సోఫాకి ఒక తొడుగు కుట్టాలట" అని ఓ రోజు కొలతల చీటీ ఇచ్చింది.

చూశాను. "ఇదేం సోఫా? మధ్యలో గుంటేంటి?"

"పాతది. కూర్చుని కూర్చుని అలా అయింది."

"ముందు ఈ పట్టీ ఎందుకు?"

"జారిపోకుండా."

"సోఫా ఎక్కడికి జారుతుందే?"

"మీరు కుడతారా, వీధి చివర దర్జీకి ఇవ్వనా?"

కుట్టాను. మందపాటి నీలం బట్ట, లోపల దూది, అంచులకి డబుల్ కుట్టు. ఆ సోఫాని చూడకుండానే దాని ఆకారం నాకు కళ్లకు కట్టింది. పిన్ని మీద జాలేసింది కూడా, ఇంత దరిద్రపు సోఫా మీద ఎలా కూర్చుంటోందో అని.

తర్వాత వారం ఇంకో చీటీ. ఎవరో పిల్లకి గట్టి గుడ్డతో ప్యాంటు. ఎడమ మోకాలి దగ్గర లోపలి వైపు మెత్త పెట్టాలి.

"ఎవరి పిల్లో గానీ" అన్నాను కత్తిరిస్తూ, "కాళ్లు బాగా పొడుగు. చీటీ చూస్తేనే పిల్ల ఎలా ఉంటుందో చెప్పేస్తాను. చీపురుపుల్లలా ఉంటుంది, అన్నం సరిగా తినదు. తల్లి పట్టించుకోదేమో."

"అవునా?" అంది మా ఆవిడ. ఆ గొంతులో ఏదో ఉంది. దగ్గు అనుకున్నాను.

ఈ మధ్యలో ఇంకో వింత. మా పిల్లకి లెక్కల ట్యూషన్ పెట్టించింది మా ఆవిడ. రోజూ నాలుగున్నరకి తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లి, ఆరింటికి వచ్చేవారు. పిల్ల బుగ్గలు ఎర్రబడి, జుట్టు రేగి, ఆకలాకలి అంటూ వచ్చేది. లెక్కలు చేస్తే ఇంత ఆకలేస్తుందని నాకు తెలియదు. చిన్నప్పుడు నేను ఎప్పుడూ చేయలేదు కాబట్టి ఊరుకున్నాను.

ఇక గుర్రాల వేట. మొదటిదాని గిట్ట ఎత్తి చూసి ప్రొఫెసరు "సౌమ్య స్వభావం" అన్నాడు. అది ఆయన కళ్లజోడు తీసుకుంది. రెండోది గుర్రపుసాల గుమ్మం దాటి బయటికి రానంది. ముందు నుంచి నేను లాగి, వెనక నుంచి ఆయన నెట్టి, చివరికి మేమిద్దరమే బయటికొచ్చాం.

మూడోదే తెల్లగుర్రం. దాన్ని అమ్మే మీసాల మామ ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషి. ఈసారి ఫోను చేయలేదు. చెప్పాపెట్టకుండా ఏడింటికే వెళ్లి, గుర్రం ఒంటి మీద చెయ్యేసి చూశాను. పొడిగా ఉంది. మైదానంలోంచి పిలిస్తే వచ్చింది. ప్రొఫెసరు గొడుగు తెరిచాడు, అది పట్టించుకోలేదు. నేను ఎక్కాను. దించలేదు. ఎందుకమ్ముతున్నావని అడిగితే, నాలుగున్నాయి, మేపలేకపోతున్నానన్నాడు.

"వారం రోజులు ట్రయల్ తీసుకెళ్లండి" అన్నాడు మీసాల మామ.

ట్రయల్! ఆ మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇక మా ఆవిడ ఏమనగలదు? మర్నాడు ఐదింటికి, వాళ్లు ట్యూషన్‌కి బయల్దేరాక, గుర్రాన్ని ఇంటికి తెచ్చి, ఆరింటికి వాళ్లు తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబెట్టాలని లెక్క వేసుకున్నాను.

గుర్రాన్ని మైదానంలో చూశాను. సాలలో చూశాను. ఒక్కటే మర్చిపోయాను. అది పుట్టింది మొదలు వీధి అనేదాన్ని చూడలేదు.

మర్నాడు వీధి మొదట్లో స్కూటరు హారను కొట్టింది. తెల్లగుర్రం చెవులు నిక్కబొడిచింది. ఎవరో మేడ మీంచి దుప్పటి దులిపారు. తెల్లగుర్రం పక్కకి నాలుగడుగులు నాట్యం చేసింది. ప్రొఫెసరు ఫలానా పుస్తకంలో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఉందంటూ పేజీ నంబరు గుర్తు తెచ్చుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు మేం నా షాపు ముందుకొచ్చాం.

నా షాపులో, గుమ్మానికి ఎదురుగా, నిలువెత్తు ట్రయల్ అద్దం ఉంటుంది.

తెల్లగుర్రం తల తిప్పింది. షాపు లోపల ఇంకో తెల్లగుర్రం. ఇది సకిలించింది, అదీ నోరు తెరిచింది. ఇది కాలు తట్టింది, అదీ తట్టింది. అంతే, నా చేతిలో పగ్గం జారిపోయింది, గుర్రం మూడు మెట్లూ ఒక్క అంగలో ఎక్కి షాపులోకి వెళ్లింది.

అద్దం ముందు అప్పటికే బ్యాంకు మేనేజరుగారు ఉన్నారు. ట్రయల్‌కి ముందే వచ్చి, కచ్చా కుట్ల కోటు తనే తొడుక్కుని చూసుకుంటున్నారు. ఒక చెయ్యి ఉంది, రెండో చెయ్యి ఇంకా అతకలేదు. అద్దంలో తన భుజం మీంచి గుర్రం మొహం కనిపించేసరికి ఆయన, "ఏమయ్యా, ఈ కోటులో నేను..." అని మొదలుపెట్టి, వెనక్కి తిరిగి చూసి, మిగతా మాట వీధిలో పూర్తి చేశారు.

అటు తోకకి దారాల అర పడింది. ఇటు మూతికి ఇస్త్రీ బల్ల పడింది. నేను "ఆగు, ఆగు" అంటున్నాను. ప్రొఫెసరు పేజీ నంబరు దొరికిందంటున్నాడు. గుర్రం గిర్రున తిరిగి, బ్యాండు మేళం వాళ్ల కోసం కుట్టిన ఎర్ర కోట్ల వరసలో తల దూర్చి, ఒక కోటు మొహానికి తగిలించుకుని, ఇత్తడి గుండీలు గలగలలాడుతుంటే వీధిలోకి దూకింది. కళ్లు కనపడక భయం ఇంకా పెరిగింది. వెనక నేను, నా వెనక ప్రొఫెసరు, మా వెనక ఒంటి చెయ్యి కోటుతో మేనేజరుగారు.

అప్పుడు చూశాను, ఎదురుగా వీధి మధ్యలో మూటల బామ్మని. బండి లేదు. వీపు మీద మా పిల్ల ఉంది.

గేటు, మోకాలు, ఆరు కుట్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. "తప్పుకో తల్లీ!" అని అరిచాను.

మూటల బామ్మ తప్పుకోలేదు. అసలు కదల్లేదు. రోజూ నా షాపు ముందు నిలబడినట్టే గోడలా నిలబడి, చిన్నగా ముక్కుతో ఏదో అంది. తెల్లగుర్రం ఆ చప్పుడు విని తడబడింది, వేగం తగ్గించింది, వచ్చి బామ్మ మెడ పక్కన తల పెట్టి వణుకుతూ ఆగిపోయింది.

మా పిల్ల ముందుకి వంగి, దాని మొహం మీంచి ఎర్ర కోటు మెల్లగా తీసి, పగ్గం అందుకుంది.

"నాన్నా, పరిగెత్తకు" అంది. "నువ్వు పరిగెడితే వాడికి ఇంకా భయమేస్తుంది."

నేను ఆగిపోయాను. నిజానికి నా కాళ్లు అప్పటికే ఆగిపోయాయి. కళ్లు మాత్రం ఆగలేదు, ధారగా కారుతున్నాయి. దుమ్ము పడిందని ప్రొఫెసరుతో చెప్పాను.

పక్కనే మా ఆవిడా, లాండ్రీ పిన్నీ తాపీగా నడిచొస్తున్నారు.

"గుండీలు దొరికాయా?" అంది మా ఆవిడ, గుర్రం తల మీంచి తీసిన కోటు చూస్తూ.

"ఇదేనా లెక్కల ట్యూషన్?" అన్నాను రోషంగా.

"లెక్కే. ఆరు వారాలు. మొదటి వారం దూరంగా నిలబడి చూసింది. రెండో వారం చేత్తో తినిపించింది. మీ కూరలో క్యారెట్ ముక్కలు ఎందుకు తగ్గాయనుకున్నారు? మూడో వారం బ్రష్ పట్టింది. నాలుగో వారం తనే ఎక్కుతానంది. నేను ఒక్కసారి కూడా ఎక్కమనలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఈ రంగు బాలేదనేవారు."

అప్పుడు లాండ్రీ పిన్ని అందుకుంది. "నాకు భుజాలు పోయాయి అబ్బాయ్, మోటారు బండి తెచ్చుకుంటున్నా. దీన్ని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వలేను. నువ్వు గుర్రం కోసం చూస్తుంటే, నేను దీనికి ఇల్లు చూస్తున్నా. రోజూ నీ షాపు ముందు గంటసేపు ఎందుకాపాననుకున్నావ్?"

"నన్ను చూడ్డానికా?"

"ట్రయల్" అంది పిన్ని. "అరిచావు. సుద్దముక్క తిన్నా, ఒక్కనాడు కూడా చెయ్యెత్తలేదు. పైగా ఎండ ముదిరినప్పుడల్లా షాపు ముందు పరదా దాని మీదకి లాగేవాడివి. మనసున్నవాడివి."

ఆ పరదా నేను అద్దాల బీరువాలో ఉన్న ముదురు నీలం సూటు వెలిసిపోకుండా లాగేవాణ్ణి. ఆ సంగతి నేను చెప్పలేదు. మా ఆవిడకి తెలుసు. చెప్పనా అన్నట్టు ఓసారి నా వైపు చూసి ఊరుకుంది.

తల దించుకున్నాను. దించుకుంటే మూటల బామ్మ వీపు కనిపించింది. దాని మీద నీలం బట్ట, లోపల దూది, అంచులకి డబుల్ కుట్టు, ముందు పట్టీ.

"ఇది సోఫా కదా?" అన్నాను.

"బాగా కుదిరింది తమరి చూపు కొలత" అంది మా ఆవిడ.

బామ్మ వీపు మధ్యలో గుంటలో ఆ తొడుగు ఎంత చక్కగా ఒదిగిందో చూసి, సిగ్గుపడాల్సింది పోయి క్షణంసేపు గర్వపడ్డాను. తర్వాత నా చూపు ఇంకొంచెం పక్కకి జరిగింది. గట్టి గుడ్డ ప్యాంటు. ఎడమ మోకాలి దగ్గర మెత్త.

చీపురుపుల్లలా ఉంటుంది, అన్నం తినదు, తల్లి పట్టించుకోదు అని నేను కూసిన కూతలన్నీ వరసగా గుర్తొచ్చాయి. దారిన పోయేవాడి మెడ కొలత చూపుతో చెప్పేవాణ్ణి. ఈ గొడవలో పడి నా పిల్ల ఎంత పొడుగైందో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున తెల్లగుర్రాన్ని నేనే నడిపించుకుంటూ, అద్దాల్లేని దారి చూసుకుని, మీసాల మామకి అప్పగించి వచ్చాను. ప్రొఫెసరు కళ్లజోడు ఇంకా దొరకలేదు. మేనేజరుగారి కోటుకి రెండో చెయ్యి పడింది గానీ, ఇప్పుడాయన ట్రయల్‌కి వస్తే ముందు బయటి నుంచి తొంగి చూసి, "లోపల ఎవరున్నారు?" అని అడుగుతున్నారు.

వచ్చేసరికి మూటల బామ్మ మా షెడ్డులో ఉంది, పిల్ల దాని పక్కనే ఉంది. గోడకి పాత గుర్రాల బొమ్మలన్నీ వరసగా అతికించి ఉన్నాయి, పరుపు కింద నలిగిన మడతలతో సహా.

"నాన్నా, ఈ ప్యాంటుకి చిన్న రిపేరుంది" అంది.

"ఏం, బిగుతా?"

"మోకాలి దగ్గర మెత్త తీసెయ్. ఇక అక్కర్లేదు."

కత్తెర తెచ్చుకుని పిల్ల ముందు గడ్డిలో కూర్చున్నాను. మెత్త చుట్టూ ఉన్న కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. ఆరు కుట్లకి గోడ వైపు తిరిగినవాణ్ణి, ఇవి మాత్రం ఒక్కటి కూడా వదలకుండా చూసుకుంటూ విప్పాను. ఈలోగా వెనక నుంచి మూటల బామ్మ నా చెవి మీది సుద్దముక్క తీసుకుంది. నేను అరవలేదు.

గుమ్మంలోంచి మా ఆవిడ ఆర్డర్ల పుస్తకం, పెన్నూ పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పనిలో పని కొలతలు కూడా తీసి, పేరుతో సహా రాసుకోండి" అంది. "లేకపోతే మళ్లీ ఎవరి పిల్లో అంటారు."